యుద్ధం మొదలెట్టినవాణ్ణి పిలిచే కోర్టు

బంట్రోతు మావయ్య నోరు విప్పాడంటే టీ కొట్టులో గ్లాసులు చల్లారిపోవాల్సిందే. యుద్ధాల్లో నేరాలు చేసినవాళ్ళని విచారించే అంతర్జాతీయ కోర్టులో తలుపు దగ్గర నిలబడి రిటైరైనవాడు. అన్నేళ్ళు నోరు మూసుకుని నిలబడ్డాడు కదా, ఇప్పుడు ఆగమంటే ఎలా ఆగుతాడు పాపం.

ఆ సాయంత్రం అతన్ని కదిపింది పక్క కుట్టు షాపులో కొత్తగా చేరినావిడ. సరిహద్దు అవతల యుద్ధంలో ఇల్లు పోయి, కూతురితో ఇటు వచ్చింది. మొగుడి సంగతి ఎవరూ అడగలేదు.

"బాబాయ్, యుద్ధం మొదలెట్టినవాణ్ణి నిలదీసే కోర్టు మీదేనటగా. మా మీదికొచ్చినవాణ్ణి పిలుస్తారా?"

మావయ్యకి అంతకంటే ఏం కావాలి.

"పిలవడమేంటమ్మా, ఆ దేశాన్నేలే దొర స్వయంగా వచ్చాడు. కోటు గుండీ ఊడి ఉంటే, పెట్టుకోండి సార్ అని చెప్పింది నేనే. అక్కడ మొదలైంది మా ఇద్దరికీ పేచీ."

దొర వకీలు లేచి, మా దేశం మీ ఒప్పందంలో సంతకం పెట్టలేదు, యుద్ధం ఎందుకు మొదలెట్టావని అడిగే హక్కు మీకు లేదు అన్నాడట. జడ్జీలు మొహమొహాలు చూసుకున్నారట.

"నేను తలుపుకి గడియ పెట్టేశాను. సంతకమే కదా, ఇప్పుడు పెట్టండి అన్నాను. పెన్ను లేదన్నాడు, నాదిచ్చాను. చెయ్యి వణుకుతోందన్నాడు, పట్టుకుని దిద్దించాను, పలక మీద పిల్లాడికి దిద్దించినట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సిరా అయిపోయుంటుంది," అన్నాడు టీ కొట్టు బావ గ్లాసులు కడుగుతూ.

సిరా ఆరకముందే సరిహద్దులో ట్యాంకులు వెనక్కి తిరిగాయట. గాల్లో ఉన్న గుండ్లు దారి మళ్ళి, బయల్దేరిన ఫిరంగుల్లోకే దూరి బుద్ధిగా పడుకున్నాయట. టీ తాగుతున్న ఆటో అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి మావయ్య ఇంకా రెచ్చిపోయాడు.

"మరి కూలిన గోడల సంగతి?" అంది కుట్టు షాపావిడ.

"లేవక చస్తాయా అమ్మా! ఇటుక మీద ఇటుక ఎక్కి..."

"మా ఆయన ఆ గోడ కిందే ఉన్నాడు బాబాయ్."

ఆవిడ అడిగింది కథ కాదని మావయ్యకి అప్పటికి గానీ తట్టలేదు. తన నోటి మీద తనకే అసహ్యమేసింది.

దొర రాలేదమ్మా, అని మెల్లగా చెప్పుకొచ్చాడు. వచ్చింది వకీలొక్కడే. సంతకం లేదన్న మాట మాత్రం నిజం. గుండు వేసిన సైనికుడు దొరికితే, ఇళ్ళ మీద ఎందుకు వేశావని అడగొచ్చు. అసలు యుద్ధమే ఎందుకు మొదలెట్టావని పైవాణ్ణి అడగాలంటే వాడి దేశం కూడా ఆ ఒప్పందానికి ఒప్పుకుని ఉండాలి. లేదా పెద్ద దేశాలు కూడబలుక్కుని కేసుని కోర్టుకి పంపాలి, వాళ్ళు పంపరు. ఆ రోజు భోజనాల వేళకే హాలు ఖాళీ అయిపోయింది. కొలువు మొత్తంలో అంత బాధ ఏ రోజూ పడలేదన్నాడు.

"ఒప్పుకునేవాడైతే యుద్ధానికెందుకొస్తాడు?" అంది ఆవిడ.

ఆ మాటతోనే లేచింది. "రేపు మా పిల్లని తీసుకొస్తాను. నాన్నని చంపించినవాణ్ణి ఎవరూ అడగరా అని రోజూ నన్ను తినేస్తోంది. దానికి మీరు మొదట చెప్పిందే చెప్పండి బాబాయ్. సంతకం పెట్టించాననీ, ట్యాంకులు వెనక్కి పోయాయనీ."

"మరి గోడ?" అన్నాడు మావయ్య.

"గోడ మాట వద్దు. అది నమ్మి, ఎదురుచూస్తుంది."