మైనంలో నిలిచిన మెట్లు

సభకు పెద్ద దిక్కుగా కూర్చున్న అధ్యక్షులు కృష్ణప్ప గారికి, చెమటలు కారుతున్నా శాలువా తీయకుండా ఓర్చుకుంటున్న మా ధర్మరాజ్ సార్‌కి (నవ్వులు), ఇండూరు నుంచీ కంబైనల్లూరు నుంచీ బస్సులు మారి ఇక్కడికి చేరిన మన తెలుగు కుటుంబాల పెద్దలకు, స్నేహితులకు నా నమస్కారం.

నా పేరు నందిత. ఇండూరు రంగసామి మనవరాలిని. ఇక్కడే ధర్మపురిలో భౌతికశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. మా విభాగం ప్రయోగశాలలో ముప్పై నాలుగేళ్ళు సహాయకుడిగా పనిచేసి సార్ మొన్న శుక్రవారం పదవీ విరమణ చేశారు. ఈ తమిళనాట మా ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం గానీ రాసేవాళ్ళు లేరు. పోయిన ఏడాది మన తెలుగు సంఘం ఆదివారం తరగతిలో నేను అక్షరాలు నేర్చుకున్నాను, అప్పటినుంచీ నాకు మాటల పిచ్చి పట్టింది. కనబడిన వస్తువుకల్లా తెలుగులో పేరేమిటని అడిగి మిమ్మల్నందరినీ విసిగించాను, క్షమించాలి. కృష్ణప్ప గారు నన్ను పిలిచే ముందు "ఐదు నిమిషాలే పాపా" అని ఐదు వేళ్ళూ చూపించారు. ఐదు నిమిషాల్లో సార్ గురించి అన్నీ చెప్పలేను గనుక ఒక్క గిటారు గురించి చెబుతాను. మామూలు గిటారు కాదు, బేస్ గిటారు. నాలుగే తీగలు, నాలుగూ లావుపాటివే. అది పాటలో ముందుకు రాదు, కింద నిలబడి పాటను మోస్తుంది.

అది మా తాతది. తాత ఇక్కడే మూడో వరుసలో ఉన్నాడు. వడివేలు గారని ఒకాయన నడిపిన పాట కచేరీ బృందంలో తాత పంతొమ్మిదేళ్ళు వాయించాడు. ఆ గిటారు ఇచ్చింది కూడా వడివేలు గారే. "ఫారిన్ సరుకప్పా, భద్రం" అని ఇచ్చారట. దాని మీద పేరు లేదు, ఊరు లేదు, పైనంతా ఎర్ర రంగు. ఇరవై ఎనిమిదేళ్ళ కింద, పంగుని నెలలో, అంటే మార్చి ఏప్రిల్ ఎండల్లో, కంబైనల్లూరు పండుగలో ఎప్పుడూ రాత్రిళ్ళు జరిగే కచేరీ ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు మొదలైంది. వేదిక సరిగ్గా ఎండకు ఎదురుగా ఉంది. రెండో పాట సగంలో పాడే ఆమె శ్రుతి కలవక ఆగిపోయి, వెనక్కి తిరిగి తాతను చూసింది. వడివేలు గారు మైకులోనే అన్నారు: "రంగసామీ, నీ చెవి పోయినట్టుండాదప్పా. ఫారిన్ సరుకు తప్పు పలకదు!" ఊరంతా నవ్వింది. వడివేలు గారు చెడ్డవారు కారు, మా తాతకు పిల్లను చూసింది కూడా ఆయనే. ఆయన పోయి చాలా కాలమైంది గానీ ఆ మాట మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. తాత గిటారును అటక ఎక్కించాడు. చిన్నప్పుడు నేను ఏదైనా పాట పాడి "బాగుందా తాతా?" అంటే, "నా చెవిని అడగొద్దు కన్నూ, మీ అవ్వను అడుగు" అనేవాడు. అవ్వేమో "బాగుండాది, పోయి పేడ తియ్యి" అనేది. (నవ్వులు)

ఇక పోయిన ఆయుధ పూజ. మన ఇళ్ళలో ఆ రోజు ట్రాక్టరు మొదలు కత్తిపీట దాకా పనిచేసే ప్రతి వస్తువూ స్నానం చేయాలి, ఎండలో ఆరాలి, పసుపూ చందనమూ పెట్టించుకోవాలి. గిటారుకు మాత్రం తాతే ఏటా నిచ్చెన ఎక్కి, అటక మీదనే ఒక బొట్టు పెట్టి దిగేవాడు. ఈసారి మోకాళ్ళ నొప్పివల్ల ఆ పని నాకు అప్పజెప్పాడు. నేను దాన్ని కిందికి దింపాను. మా అవ్వ పుట్టమ్మ చూసింది.

"కడగనిదానికి బొట్టేందే? సామికి దుమ్ము చూపిస్తావా?"

నేను చెప్పిన పని శ్రద్ధగా చేసే మనిషిని. (నవ్వులు) సబ్బు నీళ్ళతో తోమి, తీగల సందుల్లో బ్రష్షు పెట్టి రుద్ది, తీసుకుపోయి ట్రాక్టరు బానెట్ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరబెట్టాను. గంట తర్వాత వచ్చి చూస్తే పైపలక అంచున ఊడి లేచింది. అంతకంటే ఘోరం, దాని మెడ మీద వేలు నొక్కే చోటల్లా ఇత్తడి అడ్డకడ్డీలు ఉంటాయి, వీణవాళ్ళు వాటిని మెట్లంటారు, ఆ మెట్లు నూనెలో వేసిన వడియాల్లా జరిగిపోయి వంకరటింకరగా నిలబడి ఉన్నాయి. తాత వచ్చి చూశాడు. "పోనీలే కన్నూ, వాయించేవాడే లేడు, ఎట్లుంటే ఏమి" అని లోపలికి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సెలవులు అయిపోగానే దాన్ని దుప్పట్లో చుట్టి బస్సులో వేసుకుని ప్రయోగశాలకు తెచ్చాను. అతికించమన్నాను.

"అతికించేదానికి ముందు ఇది ఏందో తెలియాల గదా పాపా," అన్నారు సార్.

"ఫారిన్ గిటారు సార్."

"ఎవురు చెప్పినారు?"

"మా తాత."

"తాతకెవురు చెప్పినారు?"

"వడివేలు గారు."

"వడివేలుకు?"

నేను గిటారు వైపు చూశాను.

"సరి. ఇంక దీన్నే అడుగుదాం," అన్నారు సార్. మేజా మీద వార్తాపత్రిక పరిచి, కోడిగుడ్ల అట్ట ఒకటి తెచ్చి పెట్టారు.

సార్ దగ్గర చదివిన వాళ్ళందరికీ ఆ గుడ్ల అట్ట తెలుసు. (చప్పట్లు) విప్పిన మర ఒక్కొక్కటీ విప్పిన వరుసలో ఒక్కొక్క గుంటలో పడాలి. నోటు పుస్తకంలో రెండు గడులు ఉండాలి, ఒకటి 'చూసింది', రెండోది 'అనుకున్నది'. అనుకున్నదాన్ని పొరపాటున చూసిందానిలో రాస్తే సార్ ఆ పేజీ చింపేస్తారు. నావి మూడు పేజీలు చింపారు. సార్‌కు సంగీతం రాదు, సరిగమలు కూడా వరుసగా చెప్పలేరు, ఆ మాట ఆయనే ఒప్పుకుంటారు. అయినా ఆయన ఒక్కో ముక్కను చేతిలోకి తీసుకుని, ఎవరో పెద్దమనిషి ఇంటికి వచ్చినట్టు మర్యాదగా తిప్పి తిప్పి చూస్తుంటే, ముక్కలు మాట్లాడుతాయేమో అని నాకు అనిపించేది.

తీగలు బిగించే బిరడాలను విప్పాం. వాటి మరలు మిల్లీమీటర్ల కొలతకు సరిపోయాయి. అడుగున మా ఇద్దరికీ చదవను రాని ఏవో అక్షరాలున్నాయి. తీగల చప్పుడును పట్టే పికప్ కింద కూడా అవే అక్షరాలు. నేను సంబరంగా 'అనుకున్నది' గడిలో ఫారిన్ అని రాశాను. సార్ పక్కనే గిటారు ఒంటికి బిగించిన మరలను కొలిచారు. అవి అంగుళాల కొలతవి, మన ఊరి ఇనుప సామాన్ల అంగట్లో దొరికే పాతకాలపు రకం. తర్వాత ఎర్ర రంగును ఒక మూల గోరంత గీశారు. కింద నల్ల రంగు. దాని కింద, నిజంగా పసుపు కొమ్ము విరిచినట్టు, పచ్చని కొయ్య.

సార్ దాన్ని వాసన చూశారు. నన్నూ చూడమన్నారు. "ఇది పనస పాపా. మద్దెలలు చేసేవాళ్ళ ఇంటికి మా నాయన బండి మీద మొద్దులు తోలుతావుండె. ఈ పసుపు నేను యాడ చూసినా గుర్తుపడతాను." లేచిన పలక సందులోంచి టార్చి వేస్తే, లోపలంతా బోలు. పలకలు అతికించింది కాదు, ఒకే మొద్దును ఉలితో తొలిచింది. ఉలి దెబ్బలు చేప పొలుసుల్లా వరుసగా ఉన్నాయి.

మిగిలింది మెట్ల కింద ఉన్న నల్ల పట్టీ. దాన్ని నల్లచేవ కొయ్య అనుకున్నాం. సార్ గోరు పెట్టి నొక్కితే గంటు పడింది. చిటికెడు తీసి, గరిటెలో వేసి, దీపం మీద వేడి చేశారు. కరిగింది. గదంతా తేనె వాసన. "చెక్క కరగదు గదా," అన్నారు సార్. మరి ఏమిటని అడిగాను. ఆయన నోటు పుస్తకం తీసుకుని తన చేత్తో 'తెలియదు' అని రాసి, కింద తేదీ వేశారు. ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉన్న మనిషి ఆ మాట అంత అందంగా రాయడం నేను మొదటిసారి చూశాను.

మర్నాడు ఆటోలో ఆ మెడను తీసుకుని వీణ నేర్పే పంచవర్ణం టీచర్ దగ్గరికి పోయాం. టీచర్, మీరు ఆ వెనక స్తంభం పక్కన దాక్కున్నారు, నాకు కనబడుతున్నారు. (నవ్వులు) టీచర్ వేలితో తాకారు, అంతే.

"మసి కలిపిన తేనెమైనం గదమ్మా ఇది! వీణకు మెట్లు దీంట్లోనే గదా నిలబెట్టేది. గిటారుకు ఎవురు పెట్టినారు దీన్ని?" లోపలి ఉలి గుర్తుల ఫోటో చూపిస్తే నెమ్మదిగా అన్నారు: "ఇది వీణ కుండ తొలిచిన చెయ్యి."

ముగ్గురం కలిసి ఇలా అల్లుకున్నాం. ఎక్కడో ఒక పరదేశపు గిటారు విరిగింది. బతికిన బిరడాలనూ పికప్‌నూ ఎవరో గుడ్డలో కట్టి వీణలు చేసే మనిషి దగ్గరికి తెచ్చి, వీటికి ఒళ్ళు కావాలన్నారు. ఆయనకు తెలిసిన ఒళ్ళు వీణ ఒక్కటే. ఇదంతా 'అనుకున్నది' గడిలోదే. ఆయన పేరు కోసం ప్రతి ముక్కా వెతికాం, దొరకలేదు. బిరడాలు ఏ దేశానివో ఇప్పటికీ తెలియదు. కానీ అలాంటి గిటారును టీచర్ ఎన్నడూ చూడలేదు, మేమూ చూడలేదు. ఇన్నాళ్ళూ మా అటక మీద అది ఏమీ చెప్పకుండా పడుకుని ఉంది.

తిరిగి వస్తుంటే సార్ ఆటోలో మామూలుగా అడిగారు. "మైనం ఎండలో పెడితే ఏమవుతుంది పాపా?"

నేను ట్రాక్టరు మీద చూసింది అదే కదా. పంగుని నెల, మధ్యాహ్నం మూడు గంటలు, ఎండకు ఎదురుగా వేదిక.

టీచర్ కొత్త మైనంతో మెట్లు నిలబెట్టారు. సార్ పైపలకను అతికించి, గిటారుకు తీగలు బిగించి, ప్రతి మెట్టు దూరాన్నీ కొలిచి రాసి, మధ్యాహ్నం మూడింటికి మేడ మీద ఎండలో అరగంట నన్నే వాయించమన్నారు. వాయించడం రాని నేను నొక్కి నొక్కి మీటాను. మళ్ళీ కొలిస్తే ఐదో మెట్టు మూడు మిల్లీమీటర్లు జరిగింది. "వస్తువు సంగతి అయింది. ఇప్పుడు చెవి," అన్నారు సార్.

తాతను ఏదో సంతకం కావాలని చెప్పి పిలిపించారు. గోడ వైపు తిప్పి కూర్చోబెట్టారు. సార్ ఒక మెట్టును వెంట్రుక వాసి జరుపుతారు, టీచర్ మీటుతారు, తాత చెప్పాలి. మొదట "నాకెందుకు సామీ ఇది, నా చెవి పోయింది" అని లేవబోయాడు. సార్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. తర్వాత "పైకి పోయింది" అన్నాడు. "దిగింది" అన్నాడు. "ఇదీ దిగింది, కొంచమే." పన్నెండు సార్లు అడిగారు. పన్నెండోసారి సార్ ఏ మెట్టునూ జరపలేదు. తాత గోడ వైపే చూస్తూ అన్నాడు: "దీన్ని మీరు ముట్టుకోలేదు సామీ."

పన్నెండుకు పన్నెండు. సార్ 'చూసింది' గడిలో రాసి, పైకి చదివారు. "వాద్యం: ఎండకు మెట్లు జరుగును. వాయించినవారి చెవి: దోషం లేదు."

తాత గోడ వైపు నుంచి మా వైపు తిరిగాడు. "ఆ పొద్దు నాకు వినబడింది సార్. తప్పు పలుకుతావుండాదని అందరికంటే ముందు నాకే వినబడింది. వేలు జరిపి జరిపి చూసినాను, అందలేదు. ఫారిన్ సరుకు తప్పు పలకదని అనేసరికి, సరి, తప్పు నాదేనని ఒప్పుకుంటిని."

(విరామం)

క్షమించండి. ఇక్కడ ఆగకూడదని ఇంట్లో మూడుసార్లు చదువుకుని వచ్చాను.

ధర్మరాజ్ సార్, నా నోటు పుస్తకంలో మీరు చింపిన పేజీలకు కృతజ్ఞతలు. మీరు లేని ప్రయోగశాలలోకి రేపు అడుగు పెట్టాలంటే నాకు భయంగా ఉంది, ఇది కూడా చూసిందే, అనుకున్నది కాదు. మన సంఘం ఏం కానుక కావాలని అడిగితే మీరు తాత వాయిస్తే వింటానన్నారట. నలుగురి ముందు వాయించి ఇరవై ఎనిమిదేళ్ళయింది, నిన్న సాయంత్రం దాకా తాత రానన్నాడు. మెట్లను గట్టి బంకతో అతికిస్తానని, ఇంక ఎప్పటికీ జరగవని మీరన్నారు. అప్పుడు తాత అన్నాడు: "వద్దు సార్. చేసిన మహానుభావుడు ఎట్ల చేసినాడో అట్లే ఉండనీండి. నేను నీడలో వాయిస్తాను."

ఓపికగా విన్న పెద్దలకు, ఐదు వేళ్ళు చూపించి ఇంతసేపు వదిలేసిన కృష్ణప్ప గారికి, పంచవర్ణం టీచర్‌కు, కడగమన్నందుకే కదా నిజం బయటపడిందని ఇంటింటికీ చెప్పుకుంటున్న మా అవ్వకు (నవ్వులు) కృతజ్ఞతలు. తాత దుప్పటి విప్పుతున్నాడు. మైకు దగ్గరున్న మురళి అన్నా, ఆ పడమటి కిటికీ కొంచెం మూసెయ్యి. ఎండ తాత ఒళ్ళోకి వస్తోంది.

సెలవు.