మసిమాంగో జాబితాలో మా పేరు

మసిమాంగో ఏరిన బ్యాండ్లలో మాదీ ఉందని సోమవారం నా చేపల కొట్టులో రోజూ తినే మటోండో చెప్పాడు, నేను నమ్మాను. జరిగిన తప్పు అదే. నమ్మి ఊరుకున్నా బాగుండేది. పంతొమ్మిదేళ్ళుగా ముట్టుకోని గిటారుకి కొత్త తీగలు వేయించాను. ఎబాలే అక్కలు అని ఒకప్పుడు మా నలుగురు ఆడవాళ్ళ బ్యాండు ఉండేది. మిగతా ముగ్గురికీ ఫోన్ చేసి ఆదివారం కొట్టు దగ్గర సాధనకి రమ్మన్నాను.

ఆ నెలంతా కిన్షాసాలో ఒకటే గోల. జులైలో కాంగో నది ఒడ్డున మూడు రోజుల సంగీతోత్సవం, వాయించే ఎనిమిది బ్యాండ్లనీ గాయకుడు మసిమాంగో ఒక్కడే ఎంచుతాడు. మాటోంగే పేటలో నా చేపల కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు పూటకో ఎనిమిది పేర్లు చెప్పి పోట్లాడుకునేవారు. శనివారం మధ్యాహ్నం కూడా అదే పోట్లాట. అందరినీ చేత్తో ఆపి, కర్రపెండలం ముద్దకి చుట్టిన ఆకు విప్పుకుంటూ మటోండో మొదలెట్టాడు. మా డ్రమ్ముల ఎయెంగా అప్పుడే వచ్చి నా పక్కన నిలబడింది.

"నేనేం గొప్ప చెప్పుకోవట్లేదు. వానకి మసిమాంగో కారు బురదలో దిగబడితే ఓ చెయ్యి వేశాను, అంతే. ఒక చెయ్యే, రెండో చేతిలో నా బూట్లున్నాయి, బురదలో పెడతానా వాటిని? ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారు కదల్లేదు. సరేలెమ్మని భుజానికెత్తుకున్నాను."

"ఆయన లోపలే ఉన్నాడా?" అన్నాడు టైలరు కబాసు.

"నిద్రపోతున్నాడు. లేపడం మర్యాద కాదని నడుస్తూనే ఉన్నాను. వెనక సీట్లో గిటారిస్టూ, ఇద్దరు డాన్సర్లూ, వాళ్ళ సామానూ. నది దాకా వచ్చేశాను, నాకేమన్నా బ్రేకులున్నాయా ఆగడానికి, నీళ్ళలోకి దిగి అవతలి దేశంలో బ్రాజావిల్ ఒడ్డున తేలాను. పాస్‌పోర్టేదని అక్కడి అధికారి అడిగితే, ముందు కారు దించనివ్వవయ్యా అన్నాను. అప్పుడు లేచాడు మసిమాంగో. పపా మటోండో, నా బుర్ర పనిచెయ్యట్లేదు, ఆ ఎనిమిది పేర్లూ నువ్వే చెప్పెయ్ అన్నాడు. నేను నలభై చెప్పాను. మూడు రోజులు చాలవంటే మూడు నెలలు చెయ్యమన్నాను. నది హోరులో పాట వినపడదని ఆయన బెంగపడితే, నదితో కూడా నేనే మాట్లాడాను, ఆ మూడు నెలలూ మెల్లగా పారతానంది. అన్నిటికన్నా ముందు చెప్పిన పేరు ఎబాలే అక్కలు. మమా గోడె, నీ చేప తిన్న నోరు కదా ఇది."

నిప్పుల మీద చేపకి చుట్టిన ఆకు మాడుతోంది. నేను తిప్పలేదు.

మా ఊళ్ళో పాటగాడికి ఇంత సాయం చేస్తే చాలు, తర్వాతి పాటలో ఆ మనిషి పేరు పిలుస్తాడు. కబాసు నెమ్మదిగా అడిగాడు. "పపా, మసిమాంగో కొత్త పాట నిన్న వచ్చింది. తొమ్మిది నిమిషాలు. పళ్ళ డాక్టర్ని పిలిచాడు, అత్తగారికి కోళ్ళమ్మే ఆవిణ్ణి పిలిచాడు. బురదలోంచి కారు తోశాడని టైర్ల కొట్టు ఇలేకోని రెండుసార్లు పిలిచాడు. నీ పేరేది?"

మటోండో నోట్లో ముద్ద నములుతూనే ఉన్నాడు. ఎంతకీ అయిపోలేదు. అందరూ నవ్వారు, ఎయెంగా తప్ప.

"అయితే రేపు సాధన లేనట్టేనా?" అంది. చంకలో డ్రమ్ము కర్రలున్నాయి, కొత్తవి.

"మూడింటికి. ఆలస్యం చెయ్యకు" అన్నాను.

ఆ మర్నాడు, సోమవారం, అసలు జాబితా వచ్చింది. అందులో మేం లేం. ఆ ఆదివారం వాయించాం, ఆ తర్వాత ఇరవై మూడు ఆదివారాలు వాయించాం. ఇప్పుడు కొట్టు ముందు జనం పక్క రోడ్డు దాకా నిలబడుతున్నారు, వచ్చే ఏడాది ఎనిమిది పేర్లలో మాదీ వేసుకుని పోట్లాడుకుంటున్నారు. మేం కట్టిన మొదటి కొత్త పాట మధ్యలో డ్రమ్ము ఆగిన చోట పపా మటోండో పేరు పిలుస్తాను. ఎందుకంది ఎయెంగా. కారు సంగతేమో గానీ మన నలుగురినీ ఇక్కడికి మోసుకొచ్చింది ఆయనే అన్నాను.

ఆయన ఒక్క ఆదివారం కూడా రావడం మానలేదు.