అనుమానించిన చేతితోనే ఈ అభినందన

1991 జూన్ 17, సోమవారం నాడు మా ఉద్యానవనాల విభాగంలో సహాయ పరిపాలనాధికారిణిగా చేరి, సుదీర్ఘ సేవానంతరం డైరెక్టరుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా మేడమ్ గారిని గురించి నాలుగు మాటలు రాయమని సంచిక సంపాదకులు నన్ను కోరారు. నాకంటే అర్హులు పలువురున్నారు. కాని మేడమ్ గారిని నా అంతగా అనుమానించినవారు మరొకరు లేరు కనుక ఈ అవకాశాన్ని వదులుకోదలచలేదు.

అప్పటికి నేను రెండేళ్ల సర్వీసున్న తోటల సూపర్‌వైజరును. మొక్కల పెంపకంలో డిప్లొమా నాది. ప్రభుత్వ పాలనాశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా వారిది. ఆ చదువుకు పార్కులో పనేమిటని అందరమూ గుసగుసలాడుకున్నాం.

“మందారానికీ గన్నేరుకీ తేడా తెలియని మనిషిని మన నెత్తిన పెట్టారంటే వెనక ఏదో కథ ఉంది. కాస్త కనిపెట్టి ఉండండి,” అన్నాడు తోటమాలుల మేస్త్రి.

వారి నడవడి మా అనుమానాన్ని పెంచింది. మిల్లు వీధి పార్కు గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చుని, ఏ వేళకు ఎవరు వచ్చారో, ఎంతసేపున్నారో, ఎవరు తొంగిచూసి వెనుదిరిగారో నోటుపుస్తకంలో రాసుకునేవారు. మా హాజరు మీద నిఘా అనుకుని సీఐడీ అని పేరు పెట్టాం. వారు కనబడితే మాటలు ఆగేవి, పారలు కదిలేవి.

1994లో మిల్లు వీధి పార్కులో సర్వేయర్లు మేకులు పాతారు. సగం స్థలంలో గిడ్డంగి వస్తుందన్నారు. అదే వారం ఆ పార్కు పటాలనూ పాత రిజిస్టరునూ మేడమ్ గారు సంతకం చేసి ఇంటికి పట్టుకెళ్లారు. రెండూ ముడిపెట్టి, పార్కును మింగేవాళ్లకు లోపలి నుంచి తలుపు తీస్తున్నది వీరేనని ఎడమచేత్తో ఆకాశరామన్న ఉత్తరం రాసి నాటి డైరెక్టరు గారికి పంపాను. మేడమ్ గారికి మెమో ఇచ్చి, తపాలా విభాగానికి మార్చారు. సంతోషించానని చెప్పడానికి నేడు సిగ్గుపడుతున్నాను.

పార్కు వినియోగం మార్చాలంటే ముందుగా గేటు వద్ద ప్రకటన అంటించి, చుట్టుపక్కలవారి అభ్యంతరాలు వినాలన్న నిబంధనను ఆ తపాలా బల్ల దగ్గరే కూర్చుని వెతికి, పైవారికి నివేదించినది వారే. పటాలూ రిజిస్టరూ ఇంటికి పట్టుకెళ్లింది పార్కును కాపాడే దారి వెతకడానికేనని అప్పుడు తెలిసింది. విచారణ జరపక తప్పలేదు. పార్కుకు ఎవరూ రావడంలేదని ప్రతిపాదనలో రాశారు. మేడమ్ గారు రెండేళ్ల నోటుపుస్తకాలు బల్ల మీద పెట్టారు. షిఫ్టు దిగి నీడన నడుం వాల్చే మిల్లు కార్మికులు, ఇరుకు గదుల నుంచి చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లలు, కర్ర పట్టుకుని నడక నేర్చుకుంటున్న రోగులు, అందరూ వేళలతో సహా అందులో ఉన్నారు.

“ఇదంతా రాయమని మీకెవరు చెప్పారు?” అని విచారణాధికారి అడిగారు.

“ఎవరూ చెప్పలేదు సార్. పార్కు ఎవరిదో తెలియాలంటే ముందు ఎవరొస్తున్నారో చూడాలని చదువుకున్నాను.”

మేకులు పీకేశారు. మర్నాడు నేను వారి గదికి వెళ్లాను.

“ఆ ఉత్తరం రాసింది నేనే మేడమ్.”

“తెలుసు. ఉద్యానవనాన్ని ‘ఉధ్యానవనం’ అని రాసేది ఈ ఆఫీసులో మీరొక్కరే.”

“మరి నన్నేమీ అనలేదేం?”

“పార్కు పోతుందేమోనన్న భయంతో రాశారు. మిమ్మల్ని బదిలీ చేయిస్తే, రేపు నిజంగా మింగేవాడొస్తే ఎవరు రాస్తారు? కాకపోతే ఈసారి సంతకం పెట్టండి.”

1998లో డిప్యూటీ డైరెక్టరుగా, 2009లో డైరెక్టరుగా వారు చేసిన పనులలో నాకు మిక్కిలి గొప్పగా తోచేది, ప్రతి పార్కు పటమూ, ప్రతి మార్పు ప్రతిపాదనా గేటు వద్దనే జనం చదువుకునేలా చేయడం. ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో నేను చెప్పగలను. పార్కు ఎలా బతుకుతుందో వారి చదువు మాకు నేర్పింది.

ఇకపై విశ్రాంతి తీసుకుంటానని వారంటున్నారు. నేను నమ్మలేదు. మొన్న వారింటికి వెళ్లినప్పుడు వారి అమ్మాయి చెవిలో చెప్పింది: “అమ్మ మాట నమ్మకండి బాబాయ్ గారూ. పైవాళ్ల ఉత్తర్వంటూ మధ్యాహ్నాలు పార్కుల గేట్లకు తాళం ఎందుకేస్తున్నారని అర్జీ రాసి పెట్టుకుంది. రిటైరైన మర్నాడే మీ ఆఫీసులో ఇస్తుందట.”

ఆ అర్జీ అందుకునే బల్ల ప్రస్తుతం నాది. మమ్మల్ని ఇలాగే అనుమానిస్తూ, నిలదీస్తూ, వారు ఆయురారోగ్యాలతో నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను.