కల్వంలో కరిగిన కొండ

తోర్మోద్ మాటలు కోటలు దాటుతాయని నార్వేలో ఆ చిన్న రేవువాళ్లందరికీ తెలుసు. అతను పట్నంలో చేపల రోగాలు చూసే ల్యాబ్‌లో పనిచేస్తాడు. సాల్మన్ పెంచేవాళ్లు పంపిన చేపల గుండె ముక్కలు నూరి, అందులోంచి వైరస్‌ని బయటికి లాగడం అతని పని. ఆ ఉదయం పడవ దిగి, రేవు పక్కనున్న కాఫీ కొట్లో కూర్చున్నాడు. ఎదురుగా రాగ్న ఉంది. కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన ఫియర్డ్ నీళ్లలో కట్టిన వలల దొడ్లలో ఆమె చేపలున్నాయి. చిటికెన వేలంత పిల్లల్ని తెచ్చి, రెండు చలికాలాలు సాకింది. ఈమధ్య అవి మేతకి రావడం మానేస్తే, ముక్కలు కోసి అతనికే పంపింది. ఏం తేలిందని ఆమె అడగబోయేలోపే అతను అందుకున్నాడు.

"నూరడమంటే ఏమిటో మీకేం తెలుసు? బఠాణీ గింజంత గుండె ముక్క, చిటికెడు ఇసక, కల్వం కింద ఐసు. ఐసు ఎందుకంటారా? నూరితే వేడి పుడుతుంది, ఆ వేడికి వైరస్ చస్తుంది, చచ్చినదాన్ని పట్టుకోలేం కదా. మావాళ్లు మిషన్‌లో పడేసి కాఫీకి పోతారు. నేను చేత్తో నూరితే వెన్నలా వస్తుంది."

"నీ చెయ్యి వెన్న రాసుకోవడమే చూశాం," అన్నాడు కోరె. ఒకప్పుడు పడవ నడిపిన ముసలాయన, ఇప్పుడు కొట్లో కుర్చీ దిగడు.

"నవ్వు, నవ్వు. ఓ చలికాలం మా ఐసు మిషన్ చెడింది. కల్వం పట్టుకుని బయటికొచ్చి మంచులో కూర్చున్నాను. తర్వాతేమైందో తెలుసా? నా నూరుడు వేడికి వీధి మంచంతా కరిగిపోయి, స్కీల మీద పోయే ముసలమ్మలు వాటిని చంకన పెట్టుకుని ఇళ్లకి నడిచారు. ఇలా కాదని కొండెక్కి, తాతలనాటి మంచుగడ్డ మీద కల్వం పెట్టాను. నాలుగు తిప్పులు తిప్పానో లేదో, ఆ గడ్డంతా జారి ఫియర్డ్‌లో పడింది. నీళ్లు లేచి, నీ పడవ చర్చి కప్పు మీదుగా పోయింది కోరె. నువ్వు నిద్రలో ఉండి చూడలేదు గానీ."

"ఆరోజు నాకు సెలవు," అన్నాడు కోరె.

రాగ్నకి నవ్వొచ్చింది. అంతలోనే ఆమె చూపు తోర్మోద్ ప్లేటు మీద పడింది. గోధుమరంగు చీజ్ వేసిన వాఫుల్ అలాగే చల్లారిపోయింది. పక్కవాడి ప్లేటు మీద కూడా కన్నేసే మనిషి, తన దాన్ని ముట్టుకోలేదు.

తోర్మోద్ ఆగలేదు. "ఆ ముద్దని గిరగిరా తిప్పి, పైన తేరిన నీళ్లు వడగట్టాను. ఏ కంటికీ ఆనని వైరస్, నా దెబ్బకి గిలగిల్లాడి కల్వం అంచు మీదకెక్కి కూర్చుంది. 'ఇంక నూరకు తోర్మోద్, ఎక్కడ దాక్కున్నానో నేనే చెబుతా' అని ఒకటే ఏడుపు. దాని మెడకి తాడు కట్టి..."

"ఏ దొడ్లో ఉన్నానంది?" అని అడిగింది రాగ్న.

అతను ఆమెవైపు చూడలేదు. గొంతు ఇంకా పెంచి, తాడు కట్టి పట్నమంతా తిప్పానన్నాడు, జనం మిద్దెలెక్కి చూశారన్నాడు, చివరికి అది తన గుమ్మం ముందు కాపలా కాసిందన్నాడు.

"తోర్మోద్," అంది రాగ్న మెల్లగా. "ముక్కల్లో ఏమీ లేకపోతే నువ్వు ఫోన్ చేస్తావు. 'నీ చేపలు నాకంటే గట్టివి' అనేసి పెట్టేస్తావు. ప్రతి ఏడూ అంతే. పడవెక్కి వచ్చింది ఒక్కసారే, మన రేవులోనే బోర్గె చేపలన్నీ రోగానికి పోయినప్పుడు."

కోరె కప్పు కింద పెట్టేశాడు. కొండ మంచుని కరిగించిన చెయ్యి, బల్ల మీద ఒలికిన చక్కెర పలుకుల్ని ఒకచోటికి చేరుస్తోంది.

"అన్ని దొడ్లలోనా?" అంది రాగ్న.

"అన్నిట్లోనూ." అతని గొంతు ఎవరిదో అన్నట్టుంది. "కొత్త ముక్కలు తీసుకుని మళ్లీ మళ్లీ నూరాను. ఒకసారి ఐసు తీసేద్దామనిపించింది రాగ్నా. వేడికి చస్తే ఏమీ లేదని రాసెయ్యొచ్చు. తియ్యలేకపోయాను."

"తియ్యకూడదు కూడా. పక్కనే మా తమ్ముడి దొడ్లున్నాయి." అలా అంది గానీ, ఆమెకి కన్నీళ్లు ఆగలేదు. జబ్బు పక్క దొడ్లకి పాకకుండా, అన్ని ప్రాణాల్నీ తన చేతులతోనే తోడి చంపించాలి. వాటిలో సగానికి ఇంకా జబ్బు ఆనవాలే లేదు.

కాసేపటికి మొహం తుడుచుకుని లేచి, బూట్లు తొడుక్కుంది. "మేత వేళయింది. ఇవాళ వెయ్యొచ్చా?"

"చంపెయ్యమనే ఆర్డరు రేపటి పడవలో వస్తుంది. ఇవాళ వెయ్యి." తోర్మోద్ కూడా లేచాడు. "బకెట్లు నేను మోస్తాను. ఒక్కో చేత్తో పదేసి మోస్తాను, చూస్తుండు."

కోరె లేచి వాళ్లకి తలుపు తీసి పట్టుకున్నాడు.