ఆదెమ్మ జావ తాగిన కత

ఆదెమ్మ అని ఒకామె ఉందంట. నోరు చెడ్డదనుకో. కోడలు చెంచులక్ష్మి కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల. ఏమైందంటే, ఆడబిడ్డ సీమంతంనాడు ఈ పిల్ల పెసరపప్పు గుండిగ ఎత్తబోయి, పాపం, అందరి ముందూ కడుపులో గాలి చప్పుడుగా వదిలిందంట. నవ్వబాకండే! మీకెవరికీ జరగనట్టు. అక్కడితో వదిలెయ్యాలా? ఆదెమ్మ వదల్లా. పాలకెళ్తే చెప్పుద్ది, కలుపు తీస్తా చెప్పుద్ది, "మా కోడలికి పప్పు పెట్టబాకండమ్మా, ఇల్లు ఎగిరిపోద్ది" అని యాడ భోజనాల బంతి వేస్తే ఆడ అంటది. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయిందనుకో. పప్పు మానేసింది, శనగలు మానేసింది, నలుగురితో అన్నానికి కూర్చోడమే మానేసింది.

అట్టా ఉండగా ఆదెమ్మకి పేగు మెలికపడి పెద్దాసుపత్రిలో పొట్ట కోశారంట. పక్కనెవరున్నారు? కోడలే. డాక్టరేమో, గాలి పోయిందాకా ఏమీ పెట్టొద్దు, గాలి పోతేనే పేగు కదిలినట్టు, అప్పుడు జావ పొయ్యండి అన్నాడంట. పొద్దున్నే నర్సమ్మొచ్చి వార్డంతా వినేట్టు "పెద్దమ్మా, గాలి పోయిందా?" అంటది. ఆదెమ్మ మొహం తిప్పుకుని లేదంటది. నిజానికి పోయింది. కోడలు విన్నది, విననట్టు దుప్పటి సర్దింది. "చెప్పత్తా, జావ పోస్తారు" అని చెవిలో అన్నది. "నోరు ముయ్యి" అన్నదంట. ఏ మొహం పెట్టుకుని చెప్పుద్ది మరి, ఆ కోడలి ముందు? ఎదర మంచం ఆమె ఇడ్లీ తింటుంటే చూస్తా, పెదాలు తడుపుకుంటా పడుకుంది.

సాయంత్రం డాక్టరొచ్చి పొట్ట మీద చెయ్యేసి, "ఇంకా పోలేదా? అయితే మళ్లీ కొయ్యాల్సొస్తదేమో" అన్నాడంట. కోడలు చెబుదామని గబుక్కున లేచింది. ఆదెమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపి, "పోయింది బాబూ, పొద్దున్నే పోయింది, సిగ్గేసి చెప్పలా. ఇది విన్నది. విని కూడా ఎవరికీ చెప్పలా. ఇదే నేనైతే ఊరంతా చెప్పేదాన్ని" అని భోరున ఏడ్చిందంట. కుట్లు లాగుతున్నా ఏడుపు ఆగదే! వార్డులో ఒక్కళ్లూ నవ్వలా. డాక్టరు నాలుగు తిట్లు తిట్టి, ముందు నీళ్లు, తర్వాత పల్చటి బియ్యపు జావ పొయ్యమన్నాడు. కోడలు చల్లార్చి చెంచాతో పోస్తుంటే ఆదెమ్మ కళ్లు మూసుకునే తాగిందంట, ఆ పిల్ల మొహం చూడలేక.

ఇంటికొచ్చాక మెత్తటి పెసరపప్పన్నం తినమన్నారు. పప్పు తింటే కుట్లు చీము పడతాయని వాడకట్టు ఆడాళ్లంతా వచ్చి చెప్పిపోయారనుకో. ఆదెమ్మ వినలా. కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, దాని కంచంలోనూ పప్పేసి, "నాతో తినమ్మా" అన్నదంట. ఆ పిల్ల కాసేపు కంచం వంక చూసి, తిన్నది.

ఇప్పుడు ఆ ఇంట్లో బంతి పెడితే చూడాలి. ఎవరి దగ్గర చిన్న చప్పుడొచ్చినా ముందుగా గట్టిగా దగ్గేది ఆదెమ్మే. పొట్ట కోస్తే దగ్గెందుకొచ్చిందో ఆ డాక్టరుకే తెలియాల.