ఆఖరి సూది

భార్య పోయాక లెక్కల మాస్టారు గుమ్మం దాటలేదు. ఎండ తగలక ఎముకలు గుల్లబారి మంచాన పడితే, వారానికోసారి నర్సమ్మ ఇంటికొచ్చి సూది వేసి వెళ్తోంది.

"రక్తపరీక్ష బాగుంది మాస్టారూ. డి విటమిన్ సరిపడా ఉంది. ఇక సూదులు అక్కర్లేదు."

"మోకాళ్లు ఇంకా లాగుతున్నాయమ్మా."

"ఇందాక తలుపు తీయడానికి గబగబా వచ్చారుగా!"

మాస్టారు తల దించుకున్నారు. "అయితే వచ్చేవారం రావా?"

సంచి సర్దుతున్న నర్సమ్మ ఆగిపోయింది. "నేను కాక మీతో ఇంకెవరు మాట్లాడతారు?"

"టీవీలో వార్తలు చదివే ఆవిడతో నేనే మాట్లాడతాను. బదులివ్వదనుకో."

"నన్ను గేటు దాకా సాగనంపండి. ఎండ బాగుంది."

"చెప్పులెక్కడున్నాయో కూడా గుర్తులేదమ్మా."

"వెతకండి మాస్టారూ, నేనుంటాను," అంటూ నర్సమ్మ కుర్చీలో కూర్చుంది.