టేపు మామయ్య మర్యాద

ఏంటీ, మర్యాద అంటే ఏంటో నన్ను చెప్పమంటావా? కూర్చో మనవడా, ఆ కుర్చీ ఇటు జరుపుకో. ఫ్యాన్ కింద వద్దులే, దానికి గాలి కంటే చప్పుడెక్కువ. మా వీధి మలుపులో ఒక దర్జీ ఉండేవాడు. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుండేది కాబట్టి మేమంతా టేపు మామయ్య అనేవాళ్లం. అసలు పేరు నాకైతే తెలీదు. మర్యాదలో ఆయన తర్వాతే ఎవరైనా. ఓసారి బియ్యం కొట్టాయన కూర్చుంటే స్టూలు విరిగింది. భారీ మనిషిలే. మామయ్య ఆయన్ని లేవదీసి, దుమ్ము దులిపి, "దీనికి బొత్తిగా బుద్ధి లేదండీ" అని స్టూలుని తిట్టాడు. ఎవరి నడుం కొలిచినా అంకె పైకి చదివేవాడు కాదు. ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని పుస్తకంలో రాసుకునేవాడు. పదిమంది ముందు మనిషి ఒంటి సంగతి ఎత్తకూడదట. పదిమంది లేనప్పుడూ ఎత్తేవాడు కాదనుకో.

ఇక మా నాన్న సంగతి. పోస్టాఫీసులో పని, ఎవరి మాటా వినే రకం కాదు. అమ్మ మాట అసలే వినడు. డాక్టరంటే పడదు. టేపు మామయ్య ఏదన్నా చెబితే మాత్రం, చొక్కా రంగు దగ్గర్నుంచి నా చదువు దాకా, సరే అనేసేవాడు. ఎందుకో అడక్కు, నాకూ అర్థం కాలేదు. ఓ ఏడు నాన్న ప్యాంటు పట్టుకుని మామయ్య కొట్టుకెళ్లాడు, ఇదేం కుట్టయ్యా, నడుం మీద నిలవట్లేదు అని. మామయ్య కొలిచాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకున్నాడు, "పొరపాటు నాదేనండీ, ఈ బట్ట సాగే రకం" అని నడుం కుదించి ఇచ్చాడు. రెండు నెలలకి మళ్లీ అదే. ఇంకో రెండు నెలలకి మళ్లీ. మూడుసార్లూ పాపం ఆ బట్టదే తప్పు. మొహం పీక్కుపోయింది, ఒకసారి చూపించుకోండి అని అమ్మ పోరుతుంటే, నాన్న లేచి నిలబడి, ప్యాంటు ఎంత బాగా పట్టిందో చూడు, చిక్కినవాడికి ఇలా పడుతుందా అనేవాడు. నిజమే కదా అనుకున్నాం. ఆఖరికి ఆఫీసులో పడిపోయాడు. ఆరు నెలల ముందు తెస్తే ఏదన్నా చేసేవాళ్లం అన్నాడు డాక్టరు. ఇరవై రోజులకి పోయాడు.

తర్వాత ఓ పొద్దున మామయ్య ఆ కొలతల పుస్తకం చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న పేజీ తీసి అమ్మ ముందు పెట్టి పైకి చదివాడు. నలభై రెండు, నలభై, ముప్ఫై ఏడు, ముప్ఫై నాలుగు. "నాకు తెలుసమ్మా. చెప్పడానికి నోరు రాలేదు" అన్నాడు. అమ్మ మంచినీళ్లిచ్చింది. "మీరు చెప్పినా వినేవారు కాదులెండి అన్నయ్యగారూ" అంది. ఆయన నీళ్లు తాగి, గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టి వెళ్లిపోయాడు. అమ్మ అబద్ధమాడగా విన్నది ఆ ఒక్కసారే. వినేవాడురా మా నాన్న. టేపు మామయ్య మాటొక్కటే వినేవాడు. నాకు ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, అంత మంచి మనిషి మీద.

ఊఁ. సరే, అది వదిలెయ్. నీ బెల్టుకి ఆ కొత్త చిల్లేంటి? మేకుతో పొడిచినట్టుంది. లేచి నిలబడు ఇలా. మీ ఆవిణ్ణి కూడా పిలువు, వింటుంది. అటు చూడకు, నన్ను చూడు. ఎన్నాళ్ల నుంచి తగ్గుతున్నావ్?